మీకు తెలుసా? లింఫోమా సరే, ఏ లింఫోమా?

కోడిలో దొరికిన కణం

మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే బి-కణాల ఆచూకీ మొదట దొరికింది కోళ్ళలో. కోడి మలద్వారానికి కాస్త పైన, లోపలివైపు ఒక చిన్న సంచి ఉంటుంది. ఇటలీలోని పాదువాలో పాఠాలు చెప్పిన ఫాబ్రిషియస్ దాన్ని వర్ణించిన పుస్తకం ఆయన పోయాక 1621లో అచ్చయింది. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా ఆ సంచి దేనికో ఎవరికీ అంతుపట్టలేదు. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లలకు ఆ సంచి కోసేసి పెంచాడు. పైకి తేడా ఏమీ కనబడలేదు. ఆ కోళ్ళనే తిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థి క్లాసుకు పట్టుకెళ్ళాడు, సాల్మొనెల్లా క్రిమి ఎక్కిస్తే నెత్తురులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపిద్దామని. ఎంతకీ పుట్టవే! ఆ రోజు క్లాసు పాడయింది గానీ, సంచి పనేమిటో బయటపడింది.

వాళ్ళ వ్యాసాన్ని పేరున్న 'సైన్స్' పత్రిక వద్దంది. 1956లో 'పౌల్ట్రీ సైన్స్' అనే కోళ్ళ పెంపకం పత్రిక వేసుకుంది. డాక్టర్లు కోళ్ళ పత్రిక ఎందుకు చదువుతారు? కొన్నేళ్ళు అలాగే మరుగున పడి ఉంది. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం విషయం తేల్చింది: రోగాన్ని ఎదుర్కొనే లింఫ్ కణాల్లో రెండు తెగలున్నాయి. థైమస్ గ్రంథిలో ఎదిగేవి టి-కణాలు, బర్సా అనే ఆ సంచిలో ఎదిగేవి బి-కణాలు. మనకు ఆ సంచి లేదు. మన బి-కణాలు ఎముక మజ్జలో పుట్టి, లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో కాపురం పెడతాయి.

కోళ్ళ ఫారం నడిపేవాళ్ళకు మాత్రం ఈ సంచి కొత్తకాదు. కోడిపిల్లలకు గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకా వేయించేది దీన్ని కాపాడటానికే. ఆ వైరస్ సంచిలోని బి-కణాలను తుడిచిపెట్టేస్తే, బతికి బయటపడిన కోడి కూడా తర్వాత వచ్చే చిన్నా చితకా జబ్బులన్నిటికీ లొంగిపోతుంది. కోళ్ళకు వచ్చే లింఫాయిడ్ ల్యూకోసిస్ అయితే అచ్చంగా ఆ సంచిలో మొదలయ్యే బి-కణ లింఫోమాయే, అంటే లింఫ్ కణాల్లో పుట్టే క్యాన్సరే. దాన్ని తెచ్చే వైరస్ కోడి క్రోమోజోములో 'మిక్' అనే జన్యువు పక్కన దూరి దాన్ని రెచ్చగొడుతుందని 1981లో కనిపెట్టారు. ఈ మిక్ పేరు గుర్తుంచుకోండి, మనుషుల దగ్గర మళ్ళీ వస్తుంది.

తప్పు జరిగేది ఎక్కడ?

లింఫోమాల్లో నూటికి ఎనభైకి పైగా బి-కణాల నుంచే వస్తాయి. టి-కణాలకు రాదని కాదు, తక్కువ. కారణం బి-కణం చేసే పనిలోనే ఉంది.

ఏ కణమైనా తన జన్యువులను పదిలంగా చూసుకుంటుంది. బి-కణం కావాలని కోసుకుని, ముక్కలు మార్చి అతుక్కుంటుంది. లేకపోతే ఇంతవరకూ చూడని క్రిమికి సరిపోయే యాంటీబాడీ తయారుచేయలేదు. ఈ కోత, అతుకు నిజంగా జరుగుతాయని నిరూపించిన జపాన్ శాస్త్రవేత్త సుసుము తొనెగవాకు 1987లో నోబెల్ వచ్చింది. టి-కణాలూ ఇలా కోసుకుంటాయి, కాకపోతే ఒక విడతతో ఊరుకుంటాయి. బి-కణాలు అంతటితో ఆగవు. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ళ కడుతుంది కదా, ఆ బిళ్ళలో రెండో విడత నడుస్తూ ఉంటుంది. ఏఐడీ అనే ఎంజైము యాంటీబాడీ జన్యువులో పనిగట్టుకుని తప్పులు పెడుతుంది. మామూలు కణంలో తప్పులు దొర్లే వేగానికి ఇది దాదాపు పది లక్షల రెట్లు. ఆ తప్పుల్లోంచి క్రిమిని గట్టిగా పట్టుకోగల కణాలే మిగులుతాయి, తక్కినవి చచ్చిపోతాయి. టీకా రెండో డోసు తర్వాత మన రక్షణ పదునెక్కేది ఇందువల్లే.

ఇంత కోతలో ఎప్పుడో ఒకప్పుడు అతుకు తప్పుతుంది. యాంటీబాడీలో పెద్ద భాగాన్ని తయారుచేసే జన్యువు 14వ క్రోమోజోము మీద ఉంది. బి-కణంలో అది ఎప్పుడూ కరెంటున్న లైను. వేరే క్రోమోజోము ముక్క విరిగి వచ్చి దాని పక్కన అతుక్కుంటే, ఆ ముక్కలోని జన్యువు లైనుకు కొక్కెం తగిలించినట్టు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. 8వ క్రోమోజోము నుంచి మిక్ వచ్చి చేరితే కణం ఆగకుండా విభజన చెందుతుంది, అది బర్కిట్ లింఫోమా. 18వ దాని నుంచి బీసీఎల్2 వస్తే కణానికి చావు రాదు, అది ఫాలిక్యులర్ లింఫోమా. 11వ దాని నుంచి సైక్లిన్ డి1 వస్తే మాంటిల్ సెల్ లింఫోమా. మూడూ 14వ క్రోమోజోము దగ్గర జరిగిన తప్పులే. జబ్బులు మాత్రం మూడు దారులు.

ఇందులో తికమక పెట్టే సంగతి ఒకటుంది. బీసీఎల్2 అతుకు పడ్డ కణాలు కొద్దికొద్దిగా చాలామంది ఆరోగ్యవంతుల నెత్తురులో కనిపిస్తాయి. వాళ్ళలో ఎక్కువమందికి ఏ లింఫోమా రాదు. ఒక్క తప్పుతో క్యాన్సర్ కాదు, దాని మీద ఇంకొన్ని తోడవ్వాలి.

ఈ అతుకులు పుట్టుకతో రావు, మధ్యలో ఎప్పుడో ఒక్క కణంలో పడతాయి. లింఫోమా అంటుకునే జబ్బు కాదు. పెళ్ళి సంబంధాలు చూసే ఇంట్లో దాచిపెట్టుకోవలసిన సంగతీ కాదు.

దవడలు, మలేరియా, ఒక పాత కారు

1957లో ఉగాండాలోని కంపాలాలో, ములాగో ఆసుపత్రి సర్జన్ డెనిస్ బర్కిట్‌ను ఒక పిల్లవాణ్ణి చూడమని పిలిచారు. దవడలు పైనా కిందా, రెండువైపులా వాచి ఉన్నాయి. చీము కాదు. ఎముక పుచ్చడమూ కాదు. కొన్నాళ్ళకే జింజా అనే ఊరి ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే మరో బిడ్డకు అదే వాపు. బర్కిట్‌కు చిన్నప్పుడే ప్రమాదంలో ఒక కన్ను పోయింది. మిగిలిన కంటికి మాత్రం, ఒకేలాంటి గడ్డ రెండుచోట్ల కనిపించడం కాకతాళీయం అనిపించలేదు. 1958లో వ్యాసం రాశాడు. 1961లో ఇద్దరు స్నేహితులతో ఒక పాత ఫోర్డ్ కారులో బయల్దేరి, దక్షిణాఫ్రికా దాకా వెళ్ళి వచ్చాడు. దాదాపు పది వారాలు, పదివేల మైళ్ళు. దారిలోని ఆసుపత్రుల్లో ఆగడం, ఫొటోలు చూపించడం, ఇలాంటి పిల్లలు వస్తారా అని అడగడం. ఖరీదైన పరికరం ఒక్కటీ లేకుండా జరిగిన ఇంత మంచి పరిశోధన క్యాన్సర్ చరిత్రలో మరొకటి ఉందా అంటే నాకు అనుమానమే.

గడ్డ కనిపించిన ఊళ్ళన్నిటినీ మ్యాపులో గుర్తుపెడితే అవన్నీ వేడి, తేమ ఉన్న మలేరియా ప్రాంతాలు. ఎత్తయిన చల్లటి చోట్ల గడ్డ లేదు. అదే ఏడాది లండన్‌లో బర్కిట్ ఇచ్చిన ఉపన్యాసానికి ఆంటొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు వచ్చి విన్నాడు. 1964లో ఆయన, ఇవాన్ బార్, బర్ట్ అచాంగ్ కలిసి ఆ గడ్డ కణాల్లో ఒక కొత్త వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. మనుషుల్లో క్యాన్సర్‌తో ముడిపడిన మొదటి వైరస్ అదే, ఎప్‌స్టీన్-బార్ వైరస్. పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో అది ఉంటుంది, చాలామందికి జీవితాంతం ఏమీ చేయదు. ఆఫ్రికా పిల్లల్లో మలేరియా పదేపదే వచ్చి బి-కణాలను కుదురుగా ఉండనివ్వదు. వైరస్ దానికి తోడవుతుంది. కోత ఎక్కువైన కొద్దీ అతుకు తప్పే అవకాశమూ పెరుగుతుంది.

మన దేశంలో పిల్లలకు వచ్చే బర్కిట్ ఎక్కువగా పొట్టలో మొదలవుతుంది. మనిషికి వచ్చే గడ్డల్లో ఇంత వేగంగా పెరిగేవి తక్కువ, ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. మందు పడితే కరగడమూ అంతే వేగం. ఎంత వేగమంటే, చచ్చిన కణాల చెత్త ఒక్కసారిగా కిడ్నీల మీద పడుతుంది. అందుకే కీమో కంటే ముందే సెలైన్లు ఎక్కిస్తారు.

బర్కిట్ దగ్గర రేడియేషన్ యంత్రం లేదు. ఉన్నవల్లా కొన్ని మందులు, వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ మందుల వరస తయారైంది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో. ఆయన 1948లోనే కన్నుమూశారు. 1960ల మొదట్లో ఉగాండా పిల్లల దవడలు ఆ మందుతో తగ్గాయి. ఈనాటికీ మెదడులో పుట్టే బి-కణ లింఫోమాకు ప్రధానమైన మందు పెద్ద మోతాదు మెథోట్రెక్సేటే. చాలా కీమో మందులు నెత్తురులోంచి మెదడులోకి చాలినంతగా పోలేవు.

యాంటీబయాటిక్‌తో తగ్గే క్యాన్సర్

ఉంది. జీర్ణాశయం గోడలో వచ్చే మాల్ట్ లింఫోమా. కడుపులో పుండ్లు పెట్టే హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఏళ్ళ తరబడి అక్కడే తిష్ఠ వేస్తే, దాని మీదికి వచ్చిన బి-కణాలు వెనక్కి పోకుండా గుంపుకట్టి చివరికి గడ్డ అవుతాయి. 1993లో లండన్ వైద్యులు ఆరుగురు రోగులకు కీమో ఇవ్వకుండా క్రిమిని చంపే మందులే ఇచ్చారు. అయిదుగురిలో లింఫోమా కనబడకుండా పోయింది. ఇప్పుడు తొలిదశలో ఇదే మొదటి వైద్యం. అందరికీ పనిచేయదు, పనిచేసినా నెలలు పట్టవచ్చు, ఎండోస్కోపీకి మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. తగ్గిందనుకుని మానేయకూడదు.

మందు ఇవ్వకపోవడమూ వైద్యమే

ఫాలిక్యులర్ లింఫోమా నిదానమైన జబ్బు. గడ్డలు చిన్నవిగా ఉండి, జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేకపోతే డాక్టరు "చూద్దాం, మూడు నెలల తర్వాత రండి" అంటారు. మనవాళ్ళకు ఈ మాట మింగుడుపడదు. క్యాన్సరని చెప్పి మందు రాయకుండా పంపించే డాక్టరు చేతగానివాడని వేరే ఊరు పరుగెత్తుతారు. నిజానికి లక్షణాలు లేనప్పుడు ముందే కీమో ఇచ్చినా ఆయుష్షు పెరగదని పరిశోధనల్లో తేలింది. ఇక్కడొక తిరకాసు ఉంది. వేగంగా పెరిగే లింఫోమాలు పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువ. నిదానంగా పెరిగేవి చాలావరకు పూర్తిగా పోవు, షుగరూ బీపీల్లా ఏళ్ళ తరబడి వెంట ఉంటాయి. ఏడాదికి నూటికి ఇద్దరు ముగ్గురిలో ఫాలిక్యులర్ రకం వేగంగా పెరిగే రకంగా మారుతుంది. అందుకే పిలిచిన రోజుకు వెళ్ళడం ముఖ్యం.

ఎర్ర మందు, బిళ్ళగన్నేరు, విషవాయువు

వేగంగా పెరిగేవాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. ఆసుపత్రిలో డీఎల్‌బీసీఎల్ అంటారు. లింఫోమా వచ్చిన పదిమందిలో ముగ్గురిది ఇదే. సాధారణంగా మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు ఆర్-చాప్ అనే అయిదు మందుల కూర్పు ఇస్తారు. పదిమందిలో ఆరుగురికి నయమవుతుంది. ఆ మందులు పుట్టిన చోట్లు చూడండి.

సైక్లోఫాస్ఫమైడ్ వంశం యుద్ధాల్లో వాడిన మస్టర్డ్ వాయువు. దాని రసాయన చుట్టాన్ని మొదటిసారి 1942లో అమెరికాలోని యేల్‌లో ఒక లింఫోమా రోగికి ఇచ్చారు. యుద్ధ రహస్యం కాబట్టి 1946 దాకా ఆ సంగతి బయటికి రాలేదు. డాక్సోరూబిసిన్ ఇటలీలో మట్టిలో దొరికిన సూక్ష్మజీవి వంశం నుంచి తీసింది. సిరంజిలో దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. వార్డుల్లో 'ఎర్ర మందు' అనేది దాన్నే. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, మందు రంగు. ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

విన్‌క్రిస్టిన్ మన పెరట్లో, గుళ్ళ దగ్గర, గోడ పగుళ్ళలో కూడా పూసే బిళ్ళగన్నేరు నుంచి వస్తుంది. 1963లో మందుగా అనుమతి పొందింది. అలాగని ఆకులు దంచి కషాయం తాగేరు! కొన్ని వందల కిలోల ఎండాకు నుంచి ఒక గ్రాము వస్తుంది. ఆకులో దాంతోపాటు ఇంకా పదుల రకాల విషాలున్నాయి. శుద్ధిచేసిన మందును కూడా మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇస్తారు. నాలుగోది ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. దాని సంగతి చివర్లో చెప్తాను.

అయిదోది రిటుక్సిమాబ్. బి-కణాల ఒంటిమీద సీడీ20 అనే గుర్తు ఉంటుంది. బి-కణాలను పుట్టించే మూలకణాల మీద అది లేదు, యాంటీబాడీలు చేసి పెట్టే ముదురు కణాల మీదా లేదు. రిటుక్సిమాబ్ సీడీ20 ఉన్నవాటినే పట్టుకుంటుంది. మంచివీ చెడ్డవీ రెండూ పోతాయి, మంచివి కొన్ని నెలల్లో మూలకణాల నుంచి మళ్ళీ పుడతాయి. 1997 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. క్యాన్సర్ వైద్యానికి అక్కడ అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇదే. ఖరీదు మాత్రం అప్పట్లో మన దేశంలో చాలామందికి అందనంతగా ఉండేది. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దీనికి తక్కువ ధరలో రెడిటక్స్ పేరుతో బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే మందు, తెచ్చింది. ఆ తర్వాత ఇంకొన్ని కంపెనీలు దిగి ధర ఇంకా తగ్గింది. ఈ మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. ఎప్పుడో వచ్చి అణిగి ఉన్న వైరస్ దీనివల్ల లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. పరీక్ష రాయకపోతే అడిగి రాయించుకోండి.

హాడ్జ్‌కిన్‌దీ బి-కణమే

లింఫోమాను హాడ్జ్‌కిన్, నాన్-హాడ్జ్‌కిన్ అని రెండుగా చీల్చి చెప్తారు కదా. 1832లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ ఏడుగురి కథ రాసినప్పుడు మొదలైన కథ ఇది. మైక్రోస్కోపు కింద గుడ్లగూబ కళ్ళలాంటి రెండు కేంద్రకాలతో కనిపించే పెద్ద కణం దాని గుర్తు. గడ్డలో నూటికి ఒకటో రెండో ఉంటాయంతే, మిగతాదంతా వాటి చుట్టూ మూగిన మామూలు కణాలు. ఆ పెద్ద కణం ఏ జాతిదో తెలియక నూరేళ్ళకు పైగా తగవులాడుకున్నారు. 1994లో జర్మన్ శాస్త్రవేత్తలు ఒక్కొక్క కణాన్నీ ఏరి జన్యువులు చదివితే అది దారితప్పిన బి-కణమని తేలింది. తన బి-కణపు గుర్తులు చాలావరకు పోగొట్టుకుంది కాబట్టి ఇన్నాళ్ళు దొరకలేదు. వైద్యం వేరు, నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ, అందుకే విడిగానే ఉంచారు.

మరికొన్ని చుట్టాలు

సీఎల్ఎల్ అనే నెత్తురు క్యాన్సర్, చిన్నకణ లింఫోమా ఒకే జబ్బు. కణాలు ఎక్కువగా నెత్తురులో ఉంటే ఒక పేరు, గ్రంథుల్లో ఉంటే ఇంకో పేరు. వాల్డెన్‌స్ట్రామ్ జబ్బులో ఒక రకం యాంటీబాడీ విపరీతంగా ఊరి నెత్తురు చిక్కబడుతుంది, చూపు మసకబారి కంటి డాక్టరు దగ్గర బయటపడటమూ ఉంది. హెయిరీ సెల్ రకంలో కణాల చుట్టూ వెంట్రుకల్లాంటి పోగులు కనిపిస్తాయి, వారం రోజుల క్లాడ్రిబిన్ మందుతో చాలామందికి ఏళ్ళపాటు సద్దుమణుగుతుంది.

టి-కణంతో బి-కణానికి మందు

మందులకు లొంగనివాళ్ళకు, జబ్బు తిరగబెట్టినవాళ్ళకు కార్-టి అనే వైద్యం వచ్చింది. రోగి నెత్తురులోంచి టి-కణాలు తీసి, బి-కణాల మీది సీడీ19 గుర్తును పట్టుకునేలా జన్యువు మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే ఖర్చులో చిన్న వంతే అయినా మధ్యతరగతికి ఇంకా భారమే.

బిళ్ళ కట్టిందా?

మెడలో, చంకలో, గజ్జల్లో బిళ్ళ కట్టగానే భయపడక్కర్లేదు. ఎక్కువ ఇన్ఫెక్షన్లవే, మన దగ్గర టీబీవీ చాలానే. చిక్కు అక్కడే వస్తుంది. సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసే చెమట, బరువు తగ్గడం టీబీకీ ఉన్నాయి, లింఫోమాకీ ఉన్నాయి. పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెట్టి, తగ్గకపోయినా నెలల తరబడి మింగించి, ముదిరాక పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళు కొల్లలు. నొప్పి లేకుండా, రబ్బరులా ఉండి, నాలుగు వారాలు దాటినా తగ్గని బిళ్ళకు ముక్క పరీక్ష కావాల్సిందే.

సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ అనుమానం చెప్పగలదు, రకం చెప్పడానికి చాలదు. వీలైతే బిళ్ళ మొత్తం తీసి పరీక్షించాలి, కణాలు ఎలా అమరాయో తెలియాలి కదా. అంతకుముందు స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే లింఫోమా తాత్కాలికంగా కరిగి ముక్కలో ఏమీ దొరక్కుండా పోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆ మాత్రలతో జాగ్రత్త. ముక్కను పల్చగా కోసి ఒక్కో గుర్తుకూ విడిగా రంగు వేస్తారు. సీడీ20కి కణాల అంచులు గోధుమరంగు తిరిగితే మామూలుగా బి-కణ రకం. సైక్లిన్ డి1కి రంగొస్తే మాంటిల్ సెల్ మీద అనుమానం. కేఐ-67 అనే లెక్క నూటికి దగ్గరగా ఉంటే వేగంగా పెరిగేదని, బర్కిట్ కావచ్చునని అర్థం.

కాబట్టి రిపోర్టులో ఒట్టి 'లింఫోమా' అనో, 'నాన్-హాడ్జ్‌కిన్' అనో ఉంటే అక్కడితో ఆగకండి. ఏ రకం, ఏ దశ అని డాక్టరును అడగండి. రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు కాగితం ఒక్కటే చాలదు. ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకు, గాజు స్లైడ్లు ల్యాబులోనే ఉంటాయి. దరఖాస్తు రాసిస్తే ఇస్తారు. వాటిని వెంట తీసుకెళ్ళండి, మళ్ళీ కోయించుకునే పని తప్పుతుంది.